చలి దేశంలో కరేపాకు కుండీ: గ్రో లైటు ఎంతవరకు పనికొచ్చింది

మా నెల్లూరులో కరేపాకు చెట్టుకు ఎవరూ ప్రత్యేకంగా సేవ చేయరు. పెరట్లో వాడిన నీళ్లు తాగి అదే పెరుగుతుంది. దర్గామిట్ట నుంచి న్యూజెర్సీకి కాపురానికెళ్లిన పిల్లలు మాత్రం, చలికాలంలో కుండీలో మొక్క మోడవుతుంటే కంగారుగా నాకు ఫోన్ చేస్తుంటారు. అక్కడ మా అబ్బాయి దగ్గరున్న కొన్నేళ్లూ ఎల్‌ఈడీ గ్రో లైటు, అంటే ఎండ చాలని చోట మొక్క మీద వేసే దీపం, వాడాను కాబట్టి వాళ్లకు చెప్పేదే రాస్తున్నా.

లైటు మంచిదే. దాని వల్ల జనవరిలో కూడా చిగురు వేసింది, తిరగమోతకు నాలుగు రెబ్బలు దొరికేవి. కానీ మొక్క ప్రాణం లైటు చేతిలో లేదు, నీళ్లు పోసేవాళ్ల చేతిలో ఉంది. చలికి వేరు నీళ్లు తాగడం తగ్గిస్తుంది. పైమట్టి రెండంగుళాల లోతు వరకు ఆరాకే పోయాలి. ఆకు రాలుతోందని రోజూ పోస్తే వేరు కుళ్లిపోతుంది. ఆకంతా రాలినా పీకేయకండమ్మా, కొమ్మను గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే వసంతానికి తిరిగి చిగురిస్తుంది. చలికాలం ఆ నాలుగు నెలలూ ఎరువు వద్దు.

ఎండలోలా అన్ని రంగులూ కలిసి తెల్లగా వెలిగే ఫుల్ స్పెక్ట్రమ్ లైటే కొనండి. ఊదారంగు వెలుగులో ఆకు పండిందో లేదో తెలియదు, పురుగూ కనపడదు. మొక్కకు అడుగు ఎత్తున పెట్టి రోజుకు 12 నుంచి 14 గంటలు వేసేదాన్ని. లైటుతో వచ్చిన టైమరు కొన్నాళ్లకే పాడైంది. విడిగా ప్లగ్ టైమరు కొన్నాక ఆ టెన్షన్ పోయింది.

లైటు ఏమీ చేయలేనిది హీటరు గాలిని. ఆ పొడిగాలికి ఆకు అడుగున ఎర్రనల్లి అనే సన్నటి పురుగు పడుతుంది. వారానికోసారి కుండీని షవర్ కిందకు మోసి ఆకుల అడుగుభాగం కడిగేదాన్ని. వేపనూనె కన్నా అదే బాగా పనిచేసింది.

రాత్రి చలి 10 డిగ్రీలకు, అంటే అక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 50కి దిగకముందే కుండీ లోపలికి రావాలి. మళ్లీ బయట పెట్టేటప్పుడు వారం పది రోజులు నీడలో ఉంచాకే ఎండలోకి జరపాలి.

ఇక్కడి నుంచి మొక్క పట్టుకెళ్దామనుకోకండి. కరేపాకు మీద బతికే సిల్లా పురుగు నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుందని అమెరికాలో పచ్చి ఆకును కూడా రానివ్వరు. మా నెల్లూరు దగ్గరి పొదలకూరు నిమ్మ రైతులనడిగితే ఆ పురుగు సంగతి చెబుతారు. అక్కడి నర్సరీలోనే కొనుక్కోండి.

దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉండి పగలంతా ఎండ పడే ఇంట్లో ఈ లైటుకు డబ్బు పెట్టనక్కర్లేదు. ఆకు చల్లటి అద్దానికి తగలకుండా కుండీని కాస్త ఇవతలికి జరిపితే చాలు.