ఆరేళ్ల డెస్క్‌టాప్, పదకొండు నెలల స్లీప్ గొడవ

విడిభాగాలు తెచ్చుకుని నేనే బిగించుకున్న డెస్క్‌టాప్ ఇది. ఆరేళ్లు నిండాయి. ఆఫీసు పని, పిల్లల చదువు, ఫోటోలు, వీడియో ఎడిటింగ్ అన్నీ దీని మీదే. వేగం నాకు ఇప్పటికీ సరిపోతోంది, ఫ్యాన్ల చప్పుడూ తక్కువే. అవి ఎవరైనా చెబుతారు కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది స్లీప్ మోడ్ గురించి, అంటే కంప్యూటర్‌ని పూర్తిగా ఆర్పకుండా నిద్రపుచ్చడం. నాలుగో ఏడాది చివర్లో గొడవ మొదలైంది. రాత్రి స్లీప్‌లో పెడితే పొద్దున లేచాక క్రాష్. మూలం దొరకడానికి పదకొండు నెలలు పట్టింది. ఇదే బాధ పడుతున్నవాళ్లకి కొన్ని నెలలైనా కలిసొస్తాయని రాస్తున్నాను.

క్రాష్ రెండు రకాలుగా ఉండేది. కొన్ని రోజులు కీబోర్డు తాకగానే ఫ్యాన్లు తిరిగేవి, పవర్ బటన్ లైటు వెలిగేది, మానిటర్ మాత్రం నల్లగానే ఉండేది. అప్పుడు నేను చేసే మొదటి పని క్యాప్స్ లాక్ నొక్కడం. నొక్కినప్పుడల్లా ఆ చిన్న లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ బతికే ఉన్నట్టు, తెర మీదకి బొమ్మ రావట్లేదంతే. అలాంటప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, బొమ్మ వచ్చినా రావచ్చు. నా దాంట్లో ఆ లైటులో చలనమే ఉండేది కాదు. మొత్తం హ్యాంగ్ అయిపోయిందన్నమాట. పవర్ బటన్ పట్టుకుని ఆర్పేయడం తప్ప ఇంకో దారి లేదు.

మిగతా రోజుల్లో మామూలుగానే లేచేది. పాస్‌వర్డ్ కొట్టి పనిలో పడ్డాక పది నిమిషాలకో అరగంటకో బ్లూ స్క్రీన్, అంటే తెరంతా నీలంగా మారి ఒక ఎర్రర్ పేరు చూపించి విండోస్ ఆగిపోవడం. ఇది మరీ ఘోరం, సేవ్ చేయని పనంతా పోతుంది. సగం రాసిన రిపోర్టు అలా రెండుసార్లు పోయింది. పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చోవాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

అందరూ చెప్పే వైద్యాలన్నీ చేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేశాను. నెట్‌వర్క్ కార్డు, మౌస్ సిస్టమ్‌ని లేపకుండా డివైస్ మేనేజర్‌లో టిక్కులు తీసేశాను. ఫాస్ట్ స్టార్టప్ ఆపాను. చివరికి విండోస్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఏది చేసినా స్లీప్‌లో పెట్టి, పది నిమిషాలు ఆగి లేపేవాణ్ణి. హాయిగా లేచేది. తీరిపోయిందనుకునేవాణ్ణి, రెండు మూడు రోజులకి మళ్లీ మొదటికే వచ్చేది. రాత్రంతా ఆరేడు గంటలు స్లీప్‌లో ఉంటేనే నా దాంట్లో క్రాష్ వచ్చేది. పది నిమిషాల పరీక్షకి దొరికే జబ్బు కాదని చాలా ఆలస్యంగా గుర్తించాను.

విండోస్ తనలో జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతి క్రాష్ తర్వాతా కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనిపించేది. పవర్ అనే మాట చూసి కొత్త ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) కొన్నాను. ఏమీ తగ్గలేదు. ఆ డబ్బు దండగైంది కాబట్టి నొక్కి చెబుతున్నాను: 41 అంటే కిందటిసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది, అది చూడాలి. నాకు హ్యాంగ్ అయిన రోజున అక్కడ సున్నా, బ్లూ స్క్రీన్ వచ్చిన రోజున వేరే అంకె ఉండేవి.

బ్లూ స్క్రీన్ పేర్లు కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాక దారి కనిపించింది. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోరోజు ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, మరోరోజు పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. ప్రతిసారీ డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అనే ఒకే పేరు వచ్చి ఉంటే డ్రైవర్‌నే అనుమానించేవాణ్ణి. ఇలా రోజుకో పేరు వస్తోందంటే ముందు ర్యామ్‌ని, అంటే నడుస్తున్న పనంతా తాత్కాలికంగా ఉండే మెమరీని చూడాలి. చూశాను. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ రాత్రంతా నడిపితే ఒక్క ఎర్రర్ కూడా లేదు. అక్కడ మళ్లీ రెండు నెలలు పోయాయి.

ఆ రెండు నెలల తర్వాత, ఇక విసిగిపోయి స్లీప్ మానేసి హైబర్నేట్ వాడాను. మూడు వారాలు ఒక్క క్రాష్ లేదు! అసలు సంగతి అక్కడ దొరికింది. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీదకి రాసి కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు మదర్‌బోర్డు సాధారణంగా ర్యామ్‌ని మొదటి నుంచి సరిచూసుకుంటుంది, ఏ స్టిక్‌కి (ర్యామ్ పలకకి) ఎంత టైమింగ్ కుదురుతుందో కొలుచుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఎస్3 అనే మామూలు స్లీప్‌లో అలా కాదు. ర్యామ్‌కి మాత్రం కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది, మిగతావి దాదాపు అన్నీ ఆగిపోతాయి. లేచేటప్పుడు ఆ కొలతలన్నీ మళ్లీ తీసుకోకుండా ముందు దాచుకున్నవే వాడేస్తుంది. మెమ్‌టెస్ట్ ఎందుకు పాసైందో కూడా అప్పుడే అర్థమైంది. దాన్ని నడిపింది కంప్యూటర్‌ని కొత్తగా ఆన్ చేశాక కదా, అప్పటికే కొలతలు తాజాగా ఉన్నాయి. మీ సిస్టమ్‌లో ఉన్నది ఎస్3 స్లీపేనా అని తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఏ కొట్టండి (powercfg /a).

అప్పుడు గుర్తొచ్చింది, ఈ గొడవకి మూడు వారాల ముందు ర్యామ్ పెంచాను. రెండు 8 జీబీ స్టిక్‌లకి అదే మోడల్‌వి ఇంకో రెండు కలిపి 32 జీబీ చేశాను. ఆ మూడు వారాలూ రాత్రిపూట షట్‌డౌన్ చేసేవాణ్ణి, అందుకే రెండింటికీ సంబంధం ఉందని తట్టలేదు. ప్రాసెసర్ వివరాలు తీసి చూస్తే ర్యామ్ వేగం రెండు స్టిక్‌లతో 3200, నాలుగు స్టిక్‌లతో 2933 వరకేనని స్పష్టంగా రాసి ఉంది. నేనేమో బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి నాలుగింటినీ 3200 మీద నడుపుతున్నాను.

ఎక్స్‌ఎంపీ ఆపేసి పది రాత్రులు స్లీప్‌లో పెట్టాను. పదీ బాగానే గడిచాయి. తర్వాత బయోస్ అప్‌డేట్ చేసి మళ్లీ 3200 పెట్టి చూస్తే నాలుగో పొద్దునే బ్లూ స్క్రీన్. ఒక జాగ్రత్త: నా బోర్డులో బయోస్ అప్‌డేట్ చేస్తే సెట్టింగులన్నీ మొదటికి పోయి ఎక్స్‌ఎంపీ దానంతటదే ఆఫ్ అయింది. అది చూసుకోకపోతే అప్‌డేటే సమస్య తీర్చిందని పొరబడతారు. చివరికి వేగాన్ని చేత్తో 2933కి తగ్గించాను. నా పనిలో తేడా ఏమీ తెలియలేదు.

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. రోజూ రాత్రి స్లీప్‌లోనే పెడుతున్నాను. ఈ మధ్యలో ఈవెంట్ వ్యూయర్‌లో 41 ఒక్కసారే కనిపించింది, అదీ కరెంటు పోయిన రోజున.