నక్షత్రం గ్రహాన్ని కన్నదా, మింగిందా?

పర్లాకిమిడిలో మేడల మీద పడుకుని చుక్కలు చూసే మన కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నా. గ్రహాలు తమ నక్షత్రం రసాయనాన్ని మార్చడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, పుట్టుకలోనే కోత. 2009లో ఖగోళ శాస్త్రవేత్త మెలెండెజ్ బృందం సూర్యుణ్ణి 11 సూర్యకవలలతో, అంటే అచ్చం సూర్యుడి లాంటి నక్షత్రాలతో పోల్చింది. తేలిగ్గా ఆవిరయ్యే మూలకాలతో చూస్తే అల్యూమినియం లాంటి మొండివి మన సూర్యుడిలో సుమారు 20 శాతం తక్కువ. అవి రాతి గ్రహాల్లోకి పోయాయని వాళ్ల వాదన. కానీ నక్షత్రం వయసు, పుట్టిన చోటు కూడా ఇలాంటి తేడా తేగలవు, అక్కడే నాకు డౌటు.

రెండోది మింగడం. దీనికి జంట నక్షత్రాలు భలే పనికొస్తాయి, ఎందుకంటే ఒకే మబ్బులో పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకరి నోరే ఎర్రగా ఉంటే కిళ్లీ ఎవరు వేసుకున్నారో చెప్పాలా? క్రోనోస్, క్రియోస్ జంటలో క్రోనోస్‌లోనే రాతి మూలకాలు ఎక్కువగా ఉండటం చూసి, అది సుమారు 15 భూముల బరువున్న రాయిని మింగిందని 2017లో లెక్కవేశారు. లిథియం కూడా దానిలోనే ఎక్కువ. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో లిథియం కాలంతో తరిగిపోతుంది కాబట్టి, అది మిగిలి ఉందంటే బయటి నుంచి వచ్చిందని అనుమానించొచ్చు.

నా ఓటు రెండోదానికే. అలాగని ప్రతి నక్షత్రమూ తిండిపోతు కాదు, 91 జంటలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో మింగిన గుర్తులు సుమారు 8 శాతంలోనే కనిపించాయి.