మా మిల్లుకు పవర్ డ్రాబార్ పెట్టి నాలుగేళ్లు: నా అనుభవం

మిల్లింగ్ మిషన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే యంత్రం) మీద టూలు మార్చాలంటే నేను స్టూలు ఎక్కేవాణ్ని. ఎడమచేత్తో స్పిండిల్ (టూలును తిప్పే ఇరుసు) బ్రేకు పట్టుకుని, కుడిచేత్తో డ్రాబార్ (టూలును పైనుంచి స్పిండిల్‌లోకి లాగి బిగించే పొడవాటి బోల్టు) తలకు స్పానర్ వేసి ఒక చుట్టు వదులు చేసి, రాగి సుత్తితో పైనుంచి ఒక దెబ్బ వేయాలి. ఆ దెబ్బకు కొల్లెట్ (టూలును పట్టుకునే చీలికల గొట్టం) ఊడితే ఎండ్ మిల్ (కోసే కట్టర్) జాబ్ (కోస్తున్న లోహపు ముక్క) మీద పడకుండా పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. ఒక్క కౌంటర్‌బోర్ (బోల్టు తల దిగేలా పైన వెడల్పు చేసిన) రంధ్రానికే సెంటర్ డ్రిల్, డ్రిల్, ఎండ్ మిల్ అని మూడుసార్లు ఎక్కి దిగాలి. భుజం నొప్పి కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది వేరే సంగతి. మార్చడం ఇష్టం లేక, బిగించి ఉన్న టూలుతోనే పని కానిచ్చేయడం అలవాటైపోయింది. సెంటర్ డ్రిల్ మానేసిన రోజే రంధ్రం పక్కకు జరిగేది.

హైదరాబాద్‌లో మా ఇంటి వెనక షెడ్డులో ఉన్నది ఆర్8 స్పిండిల్ ఉన్న టరెట్ మిల్లు. అమెరికాకు చెందిన బ్రిడ్జిపోర్ట్ కంపెనీ తన మిల్లుల కోసం తెచ్చిన టేపర్ (పైకి సన్నబడే శంకువు ఆకారం) ఈ ఆర్8. కోణం దాదాపు 17 డిగ్రీలు కాబట్టి కొద్దిగా తడితే వదిలేస్తుంది. డ్రాబార్ మర అంగుళానికి 20 చుట్లున్న 7/16 అంగుళాల మర. గాలితో నడిచే డ్రాబార్‌కు ఇంతకంటే అనువైన స్పిండిల్ దొరకదని నా నమ్మకం.

నేను కట్టుకున్న పవర్ డ్రాబార్ (డ్రాబార్‌ను గాలి ఒత్తిడితో బిగించి, వదిలే ఏర్పాటు) సులువైన అమరికే. మిల్లు తలపై రెండు గైడ్ రాడ్లు, వాటి మీద జారే పలక, పలకకు బిగించిన చిన్న బటర్‌ఫ్లై ఇంపాక్ట్ రెంచి (గాలితో దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే పరికరం). పైన 50 మిల్లీమీటర్ల బోరున్న పొట్టి సిలిండర్ ఆ పలకను కిందికి తోస్తుంది, సాకెట్ డ్రాబార్ తలను పట్టుకుంటుంది. బటన్ వదలగానే స్ప్రింగులు పైకి లేపుతాయి. రెంచి మీట తీసేసి, బిగించే దారికి ఒకటి, వదిలే దారికి ఒకటి చొప్పున గాలి పైపులు ఇచ్చాను. ఏ బటన్ నొక్కినా సిలిండర్ దిగేలా మధ్యలో షటిల్ వాల్వ్ ఉంది. సిలిండర్, వాల్వులు, పైపులు రాణిగంజ్‌లో కొన్నాను. కంప్రెసర్ ముందే ఉంది కాబట్టి మొత్తం పదిహేను వేల లోపే అయింది.

6 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలికి ఆ సిలిండర్ సుమారు 120 కిలోల బలంతో తోస్తుంది. కొంత స్ప్రింగులను అణచడానికి పోయినా, మిగిలింది సుత్తి దెబ్బ పని చేస్తుంది. మర వదులవుతుండగానే డ్రాబార్ కిందికి నొక్కుకుని కొల్లెట్‌ను టేపర్ లోంచి తోసేస్తుంది. ఈ నాలుగేళ్లలో సుత్తి పట్టిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది గాలి ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్ గురించి. మొదటి ఆరు నెలలు రెండు వైపులా పూర్తి ఒత్తిడే ఇచ్చాను. ఇంపాక్ట్ రెంచికి ఎక్కడ ఆగాలో తెలియదు. నట్టు బిగిసిన తర్వాత కూడా ‘టకటక’మని కొడుతూనే ఉంటుంది. ఒకరోజు డ్రిల్ చక్ బయటికి తీస్తే దాని గాడిలో గీత కనిపించింది. టార్చి వేసి చూస్తే స్పిండిల్ లోపల కొల్లెట్ తిరగకుండా ఆపే చిన్న పిన్ను తెగిపోయి ఉంది. అది మార్చడానికి ఒక ఆదివారమంతా పోయింది. ఆ తర్వాత బిగించే దారిలో రెగ్యులేటర్ పెట్టి 3 బార్‌కు తగ్గించాను. వదిలే దారిలో 6 బార్ అలాగే ఉంచాను. బిగింపు ఎప్పుడూ వదిలే బలం కంటే తక్కువగా ఉండాలి. పాత ఎండ్ మిల్‌తో లోతైన కోతలు పెట్టి, టూలు కొల్లెట్‌లోంచి కిందికి జారడం లేదని చూసుకున్నాకే ఆ అంకె దగ్గర స్థిరపడ్డాను.

మర ఎక్కించడంలో ఒక పద్ధతి ఉంది. కొల్లెట్‌ను చేత్తో పైకి పట్టుకుని ముందు వదిలే బటన్‌ను ఒక్క క్షణం తాకిస్తాను. మర అంచులు కలిసినప్పుడు వేళ్లకు చిన్న ‘టిక్’ తెలుస్తుంది. అప్పుడే బిగించే బటన్. ఈ ఒక్క క్షణం ఓపిక పడితే అడ్డమర (మర వంకరగా ఎక్కడం) పడదు. ఇంకో జాగ్రత్త: బ్రేకు వేయకుండా బటన్ నొక్కితే స్పిండిల్ కూడా కదులుతుంది, చేతిలో ఉన్నది పదునైన కట్టర్. నా అరచేతి మీద గీత పడ్డాక మందపాటి గుడ్డ చుట్టే పట్టుకుంటున్నాను.

రెండో ఏడాది ఒక స్ప్రింగు విరిగి, సాకెట్ డ్రాబార్ తల మీదే ఉండిపోయింది. నేను గమనించకుండా మోటారు ఆన్ చేసి ఉంటే రెంచి మొత్తం తిరిగేది. అదృష్టవశాత్తు మోటారు ఆన్ చేసేలోపే కంట పడింది. ఆ సాయంత్రమే పలక పూర్తిగా పైకి వెళ్తే తప్ప కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) కాయిల్‌కు కరెంటు అందకుండా లిమిట్ స్విచ్ పెట్టాను. ఇది మొదటి రోజే ఉండాల్సింది.

వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకు అడుగున నీరు చేరుతుంది, రోజూ వదిలేస్తాను. వారానికోసారి రెంచిలోకి నాలుగు చుక్కల నూనె. రాత్రి తొమ్మిది దాటాక శబ్దం వల్ల వాడను, స్పానరే తీస్తాను. డ్రాబార్ తల మార్చలేదు కాబట్టి ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంది.

మీ మిల్లుది మోర్స్ టేపర్ అయితే ఇదే అమరిక కాపీ కొట్టకండి. దాని కోణం మూడు డిగ్రీలే కాబట్టి బిగిస్తే పట్టేస్తుంది, ఈ సిలిండర్ తోపుకు ఊడుతుందన్న భరోసా లేదు. దానికి డ్రాబార్ కాలర్‌ను పైనుంచి ఆపి, మర తిప్పుతుండగానే టూలును తోసేసే టోపీ విడిగా చేసుకోవాలి.