సైంటాలజీ ఆడిటింగా, సైకాలజిస్టు కౌన్సెలింగా?

సైంటాలజీ అంటే అమెరికా రచయిత ఎల్. రాన్ హబ్బర్డ్ స్థాపించిన మతోద్యమం. మనసులోని గాయాలు వెతికి తీసేస్తామంటూ అందులో చేసే ప్రశ్నల సెషన్‌నే ఆడిటింగ్ అంటారు. పైకి ఇదీ, కౌన్సెలింగూ రెండూ ఒకేలా ఉంటాయి. ఎదురుగా ఒకరు కూర్చుంటారు, మనం గతం చెప్పుకుంటాం. అందుకే చాలామంది పొరబడతారు.

పద్ధతి: ఆడిటింగ్‌లో రెండు చేతులతో రెండు లోహపు డబ్బాలు పట్టుకోవాలి. ఈ-మీటర్ అనే పరికరం వాటి ద్వారా సన్నని కరెంటు పంపుతుంది, ముల్లు కదులుతుంది. అది కొలిచేది ఒంటి విద్యుత్ నిరోధాన్నే. అరచేతికి చెమట పట్టినా, డబ్బాను గట్టిగా నొక్కినా ముల్లు ఊగుతుంది. దాన్ని చూసి మనసులోని గాయం దొరికిందంటే నేను నమ్మను. రోగ నిర్ధారణకు, చికిత్సకు అది పనికిరాదని పరికరం మీదే హెచ్చరిక ఉండాలని 1971లో అమెరికా ఫెడరల్ కోర్టు చెప్పింది. కౌన్సెలింగ్‌లో మాటలే మందు. ఏ పద్ధతి ఎంత పనిచేస్తుందో బయటివాళ్లు కూడా పరీక్షించారు.

ఖర్చు: కౌన్సెలింగ్‌కి సెషన్ లెక్కన కడతాం. ఆడిటింగ్‌లో ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు, పైకెళ్లేకొద్దీ ఖర్చు. 2009లో పారిస్ కోర్టు అక్కడి రెండు సైంటాలజీ విభాగాలను వ్యవస్థీకృత మోసం కింద దోషులుగా తేల్చి, మొత్తం 6 లక్షల యూరోల జరిమానా వేసింది.

రిస్క్: సైంటాలజీ సైకియాట్రీనే వ్యతిరేకిస్తుంది. మందులు వాడుతున్నవాళ్లకు ఇది ప్రమాదం. విమర్శించే అయినవాళ్లతో తెగతెంపులు చేసుకోవాల్సి వచ్చిందని బయటికొచ్చిన చాలామంది చెప్పారు.

నిద్ర పట్టకపోయినా, దిగులు, టెన్షన్ వదలకపోయినా అర్హత ఉన్న సైకాలజిస్టు దగ్గరికే వెళ్లండి. హబ్బర్డ్ బోధనలను మతంగా నమ్మి, అన్నీ తెలిసే చేరతానంటే అది మీ ఇష్టం. వైద్యం మాత్రం ఆపకండి.