తాయ్ చీ క్లాసు: నా మార్కులన్నీ తుయ్ షౌకే

తాయ్ చీ చైనాలో పుట్టిన వ్యాయామవిద్య. దాన్ని అంత మెల్లగా ఎందుకు చేస్తారు, ఎన్ని శైలులున్నాయి, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. సింగపూర్‌లో మా హెచ్‌డీబీ బ్లాక్ (ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లు) కింద, వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగాలో, శని ఆదివారాలు పొద్దున్నే ఒక క్లాసు జరుగుతుంది. కోవిడ్‌కి ముందు నుంచీ వెళ్తున్నాను. చేరిన కొత్తలో ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో దీన్ని తెగ పొగిడాను. మోకాళ్ల నొప్పులున్న ప్రతి అత్తగారినీ పంపించమన్నాను. ఆ పొగడ్తలో కొంత ఇప్పుడు తగ్గించుకోవాలి, కొంత రెట్టింపు చెయ్యాలి. రెట్టింపు చెయ్యాల్సింది తుయ్ షౌ గురించి.

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఒకదానికొకటి ఆనించి, వంతులవారీగా తోసుకునే సాధన అది. ఇంగ్లీషులో పుష్ హ్యాండ్స్ అంటారు. మా క్లాసులో పాదాలు కదపకూడదు, కదిపినవాళ్లు ఓడినట్టు. వీడియోలో చూస్తే మాత్రం ఏమీ కనపడదు. ఇద్దరు పెద్దవాళ్లు పనిలేక చేతులు గుండ్రంగా తిప్పుతున్నారనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని, చాలాకాలం ఆ సమయానికి పైకెళ్లి ఇడ్లీ పిండి సంగతి చూసుకునేదాన్ని.

మా క్లాసులో మొదట నేర్పేది 24 కదలికల వరస. గుర్రం జూలు పాయలు తీయడం, తెల్లకొంగ రెక్క విప్పడం, మబ్బుల్లా చేతులు కదిలించడం, అన్నీ అందులోనే. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా కమిషన్ కూర్పించిన వరస ఇది. అంతకుముందున్న యాంగ్ శైలి వరసలో నూరు పైచిలుకు కదలికలు, మొత్తం చెయ్యడానికి ఇరవై నిమిషాలు. దాన్ని ఐదారు నిమిషాలకు కుదించారు, అందరికీ అందాలని. అందింది కూడా. ఏ పార్కుకెళ్లినా చేసేది అదే. కానీ ఒక్కరే గాలిలో చేసుకునే వరస కదా, తప్పు చేస్తే గాలి ఏమీ అనదు. ఏడాది తిరిగేసరికి వరసంతా నోటికొచ్చినట్టు చేతికొచ్చేసింది. నాకు తాయ్ చీ వచ్చేసిందని ఇంట్లో, ఆఫీసులో చెప్పుకున్నాను.

ఒక ఆదివారం జోరున వాన, సగం మంది రాలేదు. లావోషీ, అంటే మా గురువుగారు, మ్యూజిక్ ఆపేసి జతలుగా నిలబడమన్నారు. నాకు దొరికింది ముందువరసలో నిలబడే ఒక ఆంటీ. డెబ్బై దాటాయి, నా భుజం దాకా వస్తారు, చేతికి జేడ్ గాజు, దగ్గరికొస్తే యాక్స్ ఆయిల్ అనే నొప్పుల తైలం వాసన. వెట్ మార్కెట్‌లో కూరగాయలమ్మి రిటైరయిన మనిషి. బరువులో నేను ఆవిడకి ఒకటిన్నర రెట్లు. ఇంత పెద్దావిడని ఎలా తోస్తామని మొహమాటపడుతుంటే, ఆవిడకి మాత్రం ఏ మొహమాటమూ లేదు. "గర్ల్, పుష్" అన్నారు. యాభైకి దగ్గరపడ్డ నన్ను!

మెల్లగా తోశాను. చెయ్యికి చెయ్యి తగిలే ఉంది, కానీ దాని వెనక మనిషి ఉన్నట్టే లేదు. ఇంకాస్త గట్టిగా తోశాను. ఆవిడ నడుము కొంచెం తిరిగింది, అంతే. నేను ఆవిడ పక్క నుంచి రెండడుగులు ముందుకి వెళ్లిపోయాను. పడకుండా నా మోచేతి కింద ఆవిడ చెయ్యి ఉంది. అది అక్కడికి ఎప్పుడొచ్చిందో తెలీదు. తర్వాత ఆవిడ వంతు. పడిపోకూడదని గట్టిగా నిలబడ్డాను, ఊపిరి కూడా బిగబట్టాను. ఆవిడ అరచెయ్యి నా ముంజేతి మీద ఆనిన మాట తెలుసు. ఆ తర్వాత తెలిసింది నా వీపు నోటీసు బోర్డుకి తగలడం, డెంగ్యూ దోమల పోస్టరు మీద.

అక్కడున్న అంకుల్స్ అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. లావోషీ దగ్గరికెళ్లి, ఆవిడ ఏం చేశారో చెప్పమన్నాను. ఆయన రిటైరయిన బస్ డ్రైవరు. యాంగ్ శైలికి పేరు తెచ్చిన యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) శిష్యపరంపర అని చెప్పుకుంటారు. నాకు తెలిసి ప్రతి తాయ్ చీ గురువూ అదే చెప్పుకుంటాడు, అది వేరే సంగతి. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఆయన చెప్పలేదు, గొంతుక్కూర్చుని నా బూటు మీద వేలితో కొట్టారు. చూసుకుంటే లోపల కాలివేళ్లు నేలని పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నాయి. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని ఊపారు. ఊగలేదు. "సోంగ్" అన్నారు. క్లాసులో ఆయన నోటి నుంచి ఎక్కువగా వచ్చే మాట అదే, వదులు చెయ్యమని.

విషయం ఏంటంటే, ఎవరైనా తోస్తారని తెలియగానే మనం చేతిని బిగిస్తాం. బిగిసిన చెయ్యి కర్రతో సమానం. ఒక చివర తోస్తే రెండో చివరకి అతుక్కున్నదంతా కదులుతుంది. మణికట్టు మీద పడిన తోపు మోచెయ్యి, భుజం దాటి నేరుగా వెన్నుకి చేరుతుంది, మడమలు లేస్తాయి. ఆవిడకి ఎక్కువ బలం అక్కర్లేదు, నేను బిగించిన బలమే చాలు. అదే మోచెయ్యి, భుజం వదులుగా ఉండి, తోపు రాగానే నడుము తిరిగితే, అది నా మధ్యకి రాకుండా పక్కకి పోతుంది. లెక్క ఇంతే. ఒంటికి ఎక్కడానికి మాత్రం ఏళ్లు పడుతోంది, ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

ఆ వాన రోజు తర్వాత క్లాసయ్యాక ఆంటీ నన్ను ఆపేసేవారు. ముందు ఒంటిచేత్తో. కుడి పాదాలు పక్కపక్కన, మణికట్ల వెనకభాగాలు ఆనించి, అడ్డంగా ఒక గుండ్రం. నేను ఆవిడ ఛాతీ వైపు తోస్తే ఆవిడ తిప్పేస్తారు, ఆవిడ తోస్తే నేను తిప్పాలి. తిప్పడంలో ఎక్కడ ఇరుక్కుంటానో ఆవిడకి నాకంటే ముందు తెలిసిపోయేది. ఎడమచేత్తో నా భుజం వెనక తట్టి "హియర్ యాంగ్రీ లా" అనేవారు. ఆ భుజం కోపంగా ఉన్నట్టు నాకు యాభయ్యేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఫిజియోథెరపిస్టు చెప్పలేదు, యోగా మాస్టారూ చెప్పలేదు. ఆఫీసులో ఆడిట్ వాళ్లు వచ్చి కూర్చుంటే అదే భుజం చెవి దాకా లేవడం ఇప్పుడు నాకే తెలుస్తుంది. తెలిశాక దింపుకోవచ్చు. తాయ్ చీ వల్ల ఏం లాభం అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. బీపీ, షుగరు సంగతులు నన్నడగొద్దు.

ఇంకోటి. 24 వరసలో పిచ్చుక తోక పట్టుకోవడం అని ఒక కదలిక ఉంటుంది, ఎడమకోసారి కుడికోసారి. ఏడాదంతా దాన్ని డ్యాన్సులా చేశాను. చెయ్యి ముందుకెత్తడం, వెనక్కి లాగడం, రెండు చేతులూ కలిపి నొక్కడం, తొయ్యడం. ఆంటీతో రెండుచేతుల తుయ్ షౌ మొదలయ్యాక చూస్తే అవే నాలుగు: పెంగ్, లూ, జీ, ఆన్. ఎదుటివాళ్ల చెయ్యి అందుకోవడం, దాన్ని పక్కకి లాక్కుపోవడం, ఖాళీ దొరికిన చోట నొక్కడం, తోసెయ్యడం. నేను ఇన్నాళ్లూ గాలిలో ఊపిన చేతుల ఎదురుగా ఒక మనిషి ఉండాలన్నమాట. ఇది మొదటి నెలలోనే చూపించి ఉంటే సగం వరస బట్టీపట్టే పని తప్పేది. లావోషీతో అంటే, ముందు కాళ్లు రావాలి అంటారు. ఆయన మాట ఆయనది.

కోవిడ్‌లో ఈ తేడా ఇంకా బాగా తెలిసింది. 2020 ఏప్రిల్‌లో అన్నీ మూసేశారు. జూన్ 19 నుంచి ఐదుగురి దాకా కలవొచ్చన్నారు, ఆ తర్వాత ఎనిమిది మంది. కలిసినా ముట్టుకోవడం లేదు. లావోషీ మనవడి ఫోన్ పట్టుకుని జూమ్‌లో వరస చేయించారు, నేను హాల్లో సోఫా జరిపి రోజూ చేశాను. అంత క్రమం తప్పకుండా అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. మళ్లీ చేతులు కలిపే రోజొచ్చాక ఆంటీ ఒక్క గుండ్రం తిప్పి "అయ్యో, సో హార్డ్" అన్నారు. ఒంటరిగా అన్నాళ్లు చేసిన వరస నా భుజాన్ని ఇసుమంత కూడా కరిగించలేదు. వరస గుర్తుండడం వేరు, ఒళ్లు వదులవడం వేరు. యూట్యూబ్ చూసి నేర్చుకుంటామనేవాళ్లకి నేను వద్దనను, కదలిక లేకపోవడం కంటే అది నయమే. తుయ్ షౌ మాత్రం ఫోన్‌లోంచి రాదు.

ఇక తగ్గించుకోవాల్సిన మాట మోకాళ్లది. 2016లో అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పరిశోధన లింకు ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. మోకాళ్లు అరిగిన 204 మందిలో కొందరికి 12 వారాలు తాయ్ చీ, మిగతావాళ్లకి ఫిజియోథెరపీ ఇస్తే మేలు దాదాపు సమానంగా కనిపించింది. నిజమే, నేనూ అది చూపించే అత్తగార్లని పోగుచేశాను. కాకపోతే అక్కడ వచ్చినవాళ్లందరూ మోకాళ్ల నొప్పివాళ్లని నేర్పేవాళ్లకి ముందే తెలుసు. మా వాయిడ్ డెక్‌లో నలభై మందికి ఒక్క లావోషీ, అదీ మాకు వీపు చూపించి నిలబడతారు. ముందువరస చోట్లు సీనియర్లవి, అక్కడ నిలబడితే మాటలతో కాదు, చూపుతో పంపించేస్తారు. వెనకవరసకి ఆయన చేతులు కనపడతాయి, పాదాలు కనపడవు. అడుగు మార్చేటప్పుడు ముందు బరువు వెనక కాలి మీదికి తెచ్చుకుని, ఆ తర్వాత ముందుపాదం బయటికి తిప్పాలి. బరువు మోస్తున్న కాలిని అక్కడికక్కడే తిప్పితే ఆ మెలిక మోకాలే మింగుతుంది. ఇది క్లాసులో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. నా కుడి మోకాలు కొన్ని నెలలు మెట్లెక్కనివ్వలేదు. కనిపెట్టింది మళ్లీ ఆ ఆంటీయే, నా వెనక నిలబడి చూసి. నేను పంపించిన అత్తగార్లలో ఒకరు మోకాలికి పట్టీ కట్టుకుని ఇండియా వెళ్లిపోయారు. ఆవిడ కోడలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. కాబట్టి నొప్పి ఉన్నవాళ్లు చేరగానే ఆ మాట చెప్పండి, పాదాలు కనపడే చోటు అడిగి తీసుకోండి, ఎక్కువ కిందికి కూర్చోకండి. లోతుగా కూర్చునే సీనియర్లని చూసి పోటీ పడొద్దు, వాళ్లు ముప్పయ్యేళ్లుగా చేస్తున్నారు.

తుయ్ షౌ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. ఎదుట ఎవరున్నారన్న దాన్ని బట్టే అదంతా. ఒక అంకుల్‌కి అది కుస్తీ. చెయ్యి ఆనించగానే ఊపిరి బిగబట్టి గెంటుతారు. నేనూ బిగుసుకుంటాను. పది నిమిషాల్లో ఇద్దరికీ చెమటలు తప్ప ఏమీ మిగలదు. ఇంకొకావిడ నొప్పి పుడుతుందేమోనని అసలు తొయ్యరు, దానివల్లా ఉపయోగం లేదు. నాకు జరిగిన మేలంతా ఒకే మనిషి చేతుల్లోంచి వచ్చిందని ఆలస్యంగా తెలిసొచ్చింది. రెండేళ్ల కిందట ఆంటీ కొడుకు దగ్గర ఉండడానికి సింగపూర్‌లోనే ఇంకో పేట అయిన పుంగోల్ వెళ్లిపోయారు. అప్పటినుంచి క్లాసులో తుయ్ షౌ ఉందంటే ఉంది. నేను వాట్సాప్‌లో పెట్టిన ఐదు నక్షత్రాల్లో మూడు ఆవిడవే అని ఇప్పుడు చెప్పక తప్పదు.

చేరాలా వద్దా అంటే, నా సంగతి వేరు. క్లాసు మా లిఫ్టు కిందే ఉంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, శనివారం ఆఫీసు లేదు, ఫీజు నెలకి రెండు సినిమాలంత. మాండరిన్ రాకపోతే జోకులు పోతాయి, పక్కవాళ్లు చెప్పినదాన్ని బట్టి నవ్వుకోవాలి. చంటిపిల్లలతో, రెండు ఎమ్మార్టీ రైళ్లు మారి రావాల్సినవాళ్లకి ఇది తగునో కాదో నేను చెప్పలేను. ఎక్కడ చేరినా మొదటిరోజే రెండు అడగండి: తుయ్ షౌ ఎప్పుడు మొదలుపెడతారు, పాత విద్యార్థి ఎవరితోనైనా ఒక్క నిమిషం చేతులు కలపనిస్తారా. ఆ నిమిషంలో మిమ్మల్ని తోసింది బలమైతే ఇంకో చోటు చూసుకోండి. ఎలా పడ్డారో తెలియకుండా పడితే డబ్బు కట్టెయ్యండి.

నేను ఈ ఏడాదికీ కట్టాను, శనివారాలకి మాత్రమే. ఆదివారం పొద్దున్న బస్సెక్కి, ఎల్ఆర్టీ అనే చిన్న రైలుకి మారి పుంగోల్ వెళ్తున్నాను. ఆంటీ వాళ్ల బ్లాక్ కింద వాయిడ్ డెక్ ఖాళీగానే ఉంటుంది. ఆవిడ ఫీజు ఒక కోపీ-ఓ, అంటే పాలు లేని కాఫీ, చక్కెర కూడా లేకుండా.