తొలి విదేశీ ఐరన్‌మ్యాన్: వైజాగ్ వాళ్లకి లంకావి మేలా, కోపెన్‌హాగన్ మేలా?

ఆదివారాలు మాతో భీమిలి రైడ్‌కి వచ్చే ఒక తమ్ముడు మొన్న మంగమారిపేట దగ్గర టీ తాగుతూ అడిగాడు. "అన్నా, డబ్బులు ఒక్క రేసుకే ఉన్నాయి, లీవులు కూడా ఒక్కదానికే వస్తాయి. నవంబర్‌లో లంకావికి పేరివ్వనా, ఆగస్టులో కోపెన్‌హాగన్‌కి ఇవ్వనా?" అక్కడ నిలబడి అరగంట చెప్పినా నా మాట పూర్తి కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మలేసియాలోని లంకావి, డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్, రెండుచోట్లా ఐరన్‌మ్యాన్ ఫుల్ డిస్టెన్స్ చేశాను, అంటే ఒకే రోజు వరసగా 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. ముందు కోపెన్‌హాగన్, తర్వాత లంకావి. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమంటే వరుస తిప్పేస్తాను.

కోపెన్‌హాగన్‌కి ముందు వెళ్లడానికి కారణం అందరూ చెప్పేదే. చదునైన రోడ్లు, చల్లటి గాలి, టైమ్ బాగా వస్తుంది. ఇందులో అబద్ధం లేదు. కానీ ఆ చల్లదనానికి మనం ఎక్కడ తయారవుతాం అన్న ప్రశ్న నేను వేసుకోలేదు.

ఆగస్టు రేసు అంటే పెద్ద ట్రైనింగ్ వారాలన్నీ మే, జూన్, జులైలో పడతాయి. వైజాగ్‌లో మే నెల ఎలా ఉంటుందో మనకి తెలుసు, తెల్లవారుజామున మూడున్నరకి ఆర్కే బీచ్ దగ్గర నిలబడితేనే ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. 30 కిలోమీటర్ల పరుగు అక్కడ మొదలుపెడితే, రుషికొండ వెళ్లి వచ్చేసరికి బూట్లలో చెమట నిండి అడుగు తీసినప్పుడల్లా చప్పుడవుతుంది. ఇంటికొచ్చి బరువు చూసుకుంటే, దారిలో నీళ్లు తాగినా కూడా రెండు కిలోలు తగ్గిన రోజులున్నాయి. గుండె వేగం పెరిగిపోతుంది, పరుగు వేగం పడిపోతుంది, ప్లాన్‌లో రాసుకున్న అంకెలు ఒక్కటీ రావు. అప్పుడు మనసు చాలా కుంగుతుంది. నేను జూన్‌లో రెండుసార్లు రేసు మానేద్దామనుకున్నాను.

లంకావికి అయితే ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా బలమైన వారాలు. వానలుంటాయి, అక్టోబర్‌లో తుపాను భయం ఉంటుంది (2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు), ఒకటి రెండు లాంగ్ రైడ్లు ఇంట్లోనే, సైకిల్‌ని కదలకుండా నిలిపి తొక్కే ట్రైనర్ స్టాండ్ మీద తొక్కాల్సి రావచ్చు. అయినా మే ఎండ కంటే వాన నయం. పైగా లంకావిలో ఉండే వేడికి శరీరం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. వేడికి అలవాటు పడటానికి మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది: రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. చల్లటి దేశాల నుంచి లంకావి వచ్చేవాళ్లు ఈ మార్పు కోసం వారాలు ముందు వచ్చి దిగాలి, లేకపోతే ఆవిరి స్నానాలు చేయాలి. మనకి అది బీచ్ రోడ్డే ఇచ్చేస్తుంది. ఇంత విలువైన దాన్ని పక్కనపెట్టి, డబ్బు ఖర్చుపెట్టి మరీ చలిలోకి వెళ్లి రేసు చేయడం తొలిసారికి సరైన పని కాదని నా అభిప్రాయం.

ఈత సంగతి ఇంకా ముఖ్యం. లంకావిలో సముద్రం మన సముద్రంలాగే వెచ్చగా ఉంటుంది, వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో వేసుకునే బిగుతైన రబ్బరు సూట్) గొడవే లేదు. కోపెన్‌హాగన్‌లో ఈత అమాగర్ బీచ్ పార్క్ దగ్గర, వంతెనల కింద నుంచి పోయే లాగూన్‌లో (సముద్రపు నీటి మడుగులో). అలలు దాదాపు ఉండవు, చూడటానికి చాలా తేలిక. నేను దిగిన రోజు నీళ్లు 18 డిగ్రీలు. మొహం లోపల పెట్టగానే ఊపిరి ఆగిపోయింది. ఈత రాక కాదు, వైజాగ్ పూల్‌లో నాలుగు కిలోమీటర్లు ఆగకుండా ఈదినవాణ్ణే. చల్లటి నీళ్లు ఛాతీని పట్టేసినప్పుడు శరీరం తనంతట తనే పైపైన గసపెడుతుంది, దానికి మన ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. దానికి తోడు వెట్‌సూట్ మెడ దగ్గర బిగుతుగా పట్టి ఉంటుంది. దాన్ని ఇక్కడ అలవాటు చేసుకుందామా అంటే, మన పూల్‌లో వెట్‌సూట్ వేసుకుంటే పది నిమిషాల్లో ఉడికిపోతాం. నేను రేసుకి తొమ్మిది రోజుల ముందే వెళ్లాను కాబట్టి బతికిపోయాను. రోజూ పొద్దున్నే దిగి, ముందు నడుము దాకా నిలబడి, మొహం ముంచి నీళ్లలోకి గాలి మెల్లగా వదులుతూ ఇరవై లెక్కపెట్టేవాణ్ణి. నాలుగో రోజుకి ఊపిరి కుదురుకుంది. రెండు రోజుల ముందు దిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. అంత చేసినా రేసు రోజు నీళ్లలోంచి బయటికొచ్చాక వేళ్లు కొయ్యబారి హెల్మెట్ క్లిప్ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఇక్కడ ఒక మాట. ఏ రేసైనా సరే, ఆర్కే బీచ్‌లో ఒంటరిగా ఈదవద్దు. లోపలికి లాగే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. రుషికొండ వైపు కూడా తెలిసినవాళ్లు, బోటు, నీళ్ల మీద తేలే నారింజ రంగు బోయ్ ఉంటేనే దిగండి.

సైకిల్ దగ్గర కోపెన్‌హాగన్ నిజంగా బాగుంటుంది. ఊళ్లోంచి బయటపడి సముద్రం పక్కనే ఉత్తరానికి వెళ్తుంటే కాసేపు భీమిలి రోడ్డులా అనిపిస్తుంది, తర్వాత గాలి ఎదురొస్తే మాత్రం చదును అన్న సుఖం పోతుంది. లంకావిలో ఎత్తుపల్లాలు ఎక్కువ, ఎండ నెత్తిన ఉంటుంది. కానీ సింహాచలం ఘాట్‌లో వారానికోసారి ఎక్కి దిగుతూ నాలుగైదు రిపీట్లు చేసినవాళ్లకి, శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ రెండు మూడుసార్లు ఎక్కినవాళ్లకి అది కొత్తేమీ కాదు. మలేసియాలో మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు. డెన్మార్క్‌లో కుడివైపు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అలసిపోయినప్పుడు చెయ్యి పాత అలవాటుకే పోతుంది, వెనకనుంచి స్పీడుగా వచ్చేవాళ్లకి అడ్డం పడితే ప్రమాదం, బ్లాకింగ్ పెనాల్టీ కూడా. అక్కడ దిగిన మొదటి రెండు రోజులు నేను కుడివైపు తొక్కడం, ఎడమవైపు నుంచి దాటడం మాత్రమే ప్రాక్టీస్ చేశాను.

సైకిల్ ప్యాకింగ్ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, విప్పేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. బలంగా రెండోవైపు తిప్పి క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) పాడుచేసుకున్నవాళ్లని చూశాను. వెనక డీరెయిలర్‌ని (గేర్లు మార్చే భాగాన్ని) విప్పి బబుల్ రేపర్‌లో చుట్టి, వెనక చక్రం పక్కనుండే ఫ్రేమ్ గొట్టం, అదే చైన్‌స్టే, లోపలికి కట్టండి. నేను మొదటిసారి అది విప్పలేదు, కోపెన్‌హాగన్‌లో పెట్టె తెరిచేసరికి డీరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయి ఉంది, గేర్లు దూకుతున్నాయి. స్పేర్ హ్యాంగర్ ఒకటి సాక్సులో చుట్టి తెచ్చుకున్నాను కాబట్టి గంటలో పనైంది. చేతిలో ఇమిడిపోయే ఆ ముక్క లేకపోతే ఏడాది కష్టం అక్కడే ఆగిపోయేది. గాలి నింపే సీఓటూ కార్ట్రిడ్జ్‌లు విమానంలో తీసుకెళ్లొచ్చో లేదో ముందే అడగండి, లేదా అక్కడే కొనుక్కోండి.

వీసా, ప్రయాణం దగ్గర పోలికే లేదు. మలేసియా 2023 డిసెంబర్ నుంచి భారతీయులకి ముప్పై రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది, బయల్దేరే ముందు ఆ రూల్ ఇంకా ఉందో లేదో చూసుకుంటే చాలు. వైజాగ్ నుంచి సింగపూర్‌కి నేరుగా స్కూట్ విమానం ఉంది, అక్కడినుంచి లంకావి దగ్గరే. డెన్మార్క్‌కి కావాల్సిన షెంజెన్ వీసాకి 90 యూరోల ఫీజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్స్, లీవ్ లెటర్, హైదరాబాద్ ప్రయాణం, ఆపైన పాస్‌పోర్ట్ చేతికొచ్చేదాకా టెన్షన్. సరిగ్గా మన ట్రైనింగ్ బాగా బరువెక్కే వారాల్లోనే ఈ టెన్షన్ నడుస్తుంది, నిద్ర చెడగొడుతుంది. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఆలస్యం చేయకండి.

నిద్ర విషయంలో మాత్రం కోపెన్‌హాగన్‌దే పైచేయి. ఆగస్టులో అక్కడి టైమ్ మనకంటే మూడున్నర గంటలు వెనక, అంటే రేసు రోజు నాలుగింటికి లేచినా మన శరీరానికి అది ఏడున్నర. లంకావి మనకంటే రెండున్నర గంటలు ముందు, అక్కడ నాలుగంటే మనకి ఒకటిన్నర. అందుకే లంకావికి వెళ్లే ముందు రెండు వారాలు నేను రాత్రి ఎనిమిదింటికే పడుకోవడం మొదలుపెట్టాను. పిల్లల అరుపుల మధ్య కష్టమే, మా ఆవిడ సాయం లేకపోతే అయ్యేది కాదు.

తిండి: ఈయూలోకి పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు, కాబట్టి అమ్మ చేసిన నేతి సున్నుండలు ఇంట్లోనే వదిలి వెళ్లాను. లంకావిలో అన్నం, పప్పు, పెరుగు ఎక్కడ కావాలన్నా దొరికాయి. రేసు ముందు రోజు రాత్రి తెలిసిన తిండి కడుపులో పడటం ఎంత ధైర్యమిస్తుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఉప్పు మాత్రం మర్చిపోవద్దు. లంకావి వేడిలో ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మే నెలలో భీమిలి రోడ్డు మీద మీ చెమట ఎంతో లెక్క కట్టుకోండి, రేసులో ఆ లెక్కే పనికొస్తుంది.

పరుగు గురించి చెప్పాలంటే, కోపెన్‌హాగన్‌లో ఊరి నడిబొడ్డున చుట్లు తిరుగుతుంటే జనం బిబ్ (ఒంటి మీద కట్టుకునే రేసు నంబర్ కాగితం) మీద పేరు చదివి అరుస్తుంటారు, కాళ్లు వాటంతటవే కదులుతాయి. లంకావిలో అంత జనం లేరు. చీకటి పడ్డాక, ముప్పయ్యో కిలోమీటర్ దగ్గర నడుస్తూ వెళ్తున్నాను. నా షర్టు మీద విశాఖపట్నం అని తెలుగులో రాసి ఉంది. నీళ్ల టేబుల్ దగ్గర మా అమ్మ వయసావిడ అది చూసి, "ఏ ఊరు బాబూ, విశాపట్నమేనా? మా తాతలదీ ఆ జిల్లానే" అంది. మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకి వెళ్లిన కుటుంబాలు మలేసియాలో చాలా ఉన్నాయని విన్నాను గానీ, ఆ చీకట్లో ఆ మాట వింటానని అనుకోలేదు. టోపీ తీయించి దాన్నిండా ఐసు ముక్కలు పోసి నెత్తిన పెట్టింది, "ఎల్లు బాబూ, ఇంకెంతో లేదు" అంది. పన్నెండు కిలోమీటర్లుంది. మళ్లీ పరిగెత్తాను.

టైమ్ చూస్తే కోపెన్‌హాగన్‌లోనే బాగా తక్కువ వచ్చింది. చలి నీళ్లలో నాలుగైదుసార్లు దిగే అవకాశం, పది పన్నెండు రోజుల లీవు, వీసా తలనొప్పికి ఓపిక ఉంటే అది గొప్ప రేసు, రెండోదిగా తప్పకుండా చేయండి. మొదటిదానికి మాత్రం నా ఓటు లంకావికే. ఇంతవరకూ హాఫ్, అంటే సగం దూరం రేసు కూడా చేయకపోతే ముందు గోవా 70.3 చేసి రండి, 1.9, 90, 21.1 కిలోమీటర్లు, సముద్రంలో ఈత, వీసా అక్కర్లేదు.

తమ్ముడికి నిన్న ఇదే చెప్పాను, లంకావికే పేరిచ్చాడు. జూన్ మొదటి ఆదివారం నుంచి మొదలుపెడుతున్నాం, తెల్లవారుజామున నాలుగున్నరకి కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా. వచ్చేవాళ్లు వెనక లైటు, రెండు సీసాల నీళ్లు, ఉప్పు తెచ్చుకోండి.