కియాంటి కొండల్లో ఆలివ్ కోత

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న నేను నవంబరు సెలవుల్లో ఇటలీలోని టస్కనీకి వెళ్లి ఆలివ్ కాయలు కోసి వచ్చాను. రోజుకు ఐదు గంటల పని, దానికి బదులు తిండి, బస. డబ్బు ప్రసక్తి లేదు. 1971లో ఇంగ్లండ్‌లో స్యూ కొప్పార్డ్ అనే ఆవిడ మొదలుపెట్టిన ఈ పద్ధతి వూఫ్ పేరుతో ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. సభ్యత్వ రుసుము కట్టాక రైతులకు మనమే ఉత్తరం రాసుకోవాలి.

మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా బొలోన్యాకు నేరుగా రైలుంది. అక్కడి నుంచి వేగంగా వెళ్లే రైలెక్కితే ఫ్లోరెన్స్ నలభై నిమిషాలే. ఇబ్బందంతా ఆ తర్వాతే. ఆదివారం పల్లెలకు బస్సులు బాగా తక్కువ. శనివారానికల్లా చేరిపోండి.

మొదటి ఎనిమిది రోజులు కియాంటి కొండల్లోని గ్రేవే అనే ఊరి దగ్గర ఓ వృద్ధ దంపతుల ఇంట్లో ఉన్నాను. గది చిన్నది, రాత్రిళ్లు చలి గట్టిగానే ఉండేది. అయినా మళ్లీ వెళ్లమంటే కళ్లు మూసుకుని అక్కడికే వెళతాను. చెట్టు కింద వల పరచి, దువ్వెన లాంటి చేతి పనిముట్టుతో కొమ్మను పైనుంచి కిందికి దువ్వితే కాయలు టపటపా రాలతాయి. ఆకులు ఏరేసి, గాలి ఆడే బుట్టల్లోకి ఎత్తాలి. గోతాల్లో కుక్కితే కాయ వేడెక్కి పులిసి, నూనె చెడుతుందని పెద్దాయన మొదటి రోజే చెప్పారు. అందుకే కోసిన మర్నాడే మిల్లుకు తోలేవారు. అక్కడ కాయల ముద్దను 27 డిగ్రీలు దాటకుండా కలుపుతారు. మేము తీసుకెళ్లిన కాయకు వంద కిలోలకు పదమూడు కిలోల నూనె దిగింది.

గొట్టం నుంచి పచ్చగా, చిక్కగా జారుతున్న ఆ నూనెను అక్కడే రుచి చూశాం. ముందు పచ్చిగడ్డి వాసన, ఆపైన చిరుచేదు, గొంతు దిగాక మిరియం నమిలినంత ఘాటు! ఆ రాత్రి కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, కొత్త నూనె ధారగా పోసి పెట్టారు. దాన్ని ఫెత్తుంత అంటారు. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు కాబట్టి పైన చిటికెడు చల్లుకోవాలి. గానుగ పట్టించిన నువ్వుల నూనె ఇంటికొచ్చిన రోజు మా అమ్మమ్మ ముఖంలో కనిపించే సంబరమే ఆ పెద్దావిడ ముఖంలోనూ చూశాను.

రెండో చోటు పేరు చెప్పను. ఐదు గంటలని రాసి, ఎనిమిది గంటలు చేయించారు. అందులో సగం, డబ్బు కట్టి దిగిన అతిథుల గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చే పని. జీతమిచ్చి పెట్టుకోవలసిన మనిషి పనిని సెలవుల్లో వచ్చినవాళ్లతో చేయించుకోవడం అన్యాయం. మూడో రోజు ఆ మాట వాళ్లకే చెప్పి వచ్చేశాను. మీరు వెళ్లేముందు పని గంటలు, సెలవు రోజు, గదికి తాళం, వేడినీళ్లు, శాకాహారం సంగతి రాతపూర్వకంగా అడగండి. జవాబు దాటవేస్తే మరో తోట చూసుకోండి.

భారత్ నుంచి వెళ్లేవారికి వీసా ముఖ్యం. ఉదాహరణకు న్యూజిలాండ్, తిండి, బస కోసం ఇలా పని చేయడాన్ని ఉద్యోగం కిందే లెక్కగడుతుంది, పర్యాటక వీసా చాలదు. ఏ దేశమైనా ముందే రాయబార కార్యాలయాన్ని అడగాలి. తోటలో ఉంటే చాలు, పని వద్దనుకుంటే ఇటలీలో అద్దెకు గదులిచ్చే రైతుల ఇళ్లు, అగ్రితురిస్మోలు, ఊరూరా ఉన్నాయి.

గ్రేవేలో బయల్దేరేటప్పుడు పెద్దావిడ మూడు లీటర్ల డబ్బా చేతిలో పెట్టారు. వేడన్నంలో కందిపొడి కలుపుకుని ఆ నూనె వేసుకుంటున్నాను. ఇంకా సగం డబ్బా ఉంది.